ఏసీ కొట్టుని ఎవరూ కాదనలేదు

మస్కట్,
12 ఫిబ్రవరి 1999.

బావమరిది కొండబాబుకి,

మీ బావ వీరవెంకటరమణ దీవెనలు. ఇక్కడ పనిచేసే మన నగరం ఊరి డ్రైవరు ఒకాయన సెలవు మీద వస్తుంటే ఆయన చేతికి ఈ ఉత్తరం ఇచ్చేను. శుక్రవారం ఫోనులో నీతో మాట్లాడదామంటే మీ అక్క మాధవీలత రిసీవరు వదలదు, ఈలోగా నా కార్డు అయిపోతుంది. అందుకని విషయం కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

మా వెల్‌బ్రిడ్జ్ కంపెనీ ఇండియాలో అడుగుపెడుతోంది. స్థలం ఉన్నవాళ్ళకి తన పేరిచ్చి కొట్లు పెట్టిస్తుంది. పెద్ద ఊళ్ళతో పాటు ఒక చిన్న ఊరు కూడా చెప్పమంటే, మా దొరగారికి నేను అమలాపురం అని చెప్పేను. నల్లవంతెన దగ్గర మీ నాన్న కామరాజు గారి కిరాణా కొట్టుని, వెనక గోడౌనునీ కలిపేస్తే సరిగ్గా సరిపోతుంది. మామగారు పోయేక ఆ కొట్టు నువ్వెలా నడుపుతున్నావో మీ అక్క చెప్తూనే ఉంది. బల్లమీద కూర్చున్న నలుగురితో కబుర్లు, వాళ్ళ చీటీలు చూసి పొట్లాలు కట్టడం, పైన కొసరు. అదా వ్యాపారం?

ఇక్కడ అలా కుదరదు. వస్తువుని కొనేవాడి చెయ్యే తియ్యాలి, మన చెయ్యి తగలకూడదు. అది కంపెనీ శాసనం. పదేళ్ళ క్రితం ఇక్కడ తోపుడుబళ్ళు తుడిచినవాణ్ణి, ఇవాళ అరల సూపర్‌వైజర్ని అయ్యేనంటే ఆ శాసనం తూచా తప్పకుండా పాటించబట్టే.

అసలు మాటకొస్తున్నాను. అమలాపురం కొట్టు ఆరు నెలలు బాగా నడిస్తే దాని మేనేజరుగా నన్నే వేస్తారు. దొరగారు స్వయంగా అన్నారు. రెండేళ్ళకోసారి నెల్లాళ్ళు చుట్టంలా వచ్చిపోవడం నాకు విసుగొచ్చింది. ఇక మస్కట్ వద్దు. మీ అక్కా, మా దివ్యా, నేనూ ఒక ఇంట్లో ఉండాలి. అది నీ చేతిలో ఉంది. సర్వేకి మనుషులొస్తారు, మర్యాదగా చూసుకో.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

మీ బావ,
వీరవెంకటరమణ

* * *

అమలాపురం,
20 మార్చి 1999.

బావగారికి కొండబాబు నమస్కారాలండీ.

మీ ఉత్తరం అమ్మ రెండుసార్లు చదివించుకుంది. "అల్లుడుగారు నోరు తెరిచి అడిగేరు, కాదంటే ఏం బావుంటుందిరా" అంది. కాబట్టి కాదనలేదండీ. కొట్టు ఇచ్చేసేం అనుకోండి.

హైదరాబాదు నుంచి ఏరియా మేనేజరు శివశంకర్ గారు సర్వేకి వచ్చేరు. ఈ ఎండలో టై కట్టుకుని దిగేరు. ఆయన్ని చూస్తేనే మనవాళ్ళకి జాలేసింది. ముగ్గురమ్మాయిల చేతికి అచ్చుకాగితాలిచ్చి అమలాపురం, అంబాజీపేట, కొత్తపేట, రాజోలు తిప్పేరు. "విదేశీ కంపెనీ ఏసీ కొట్టు పెడితే మీరు వస్తారా" అన్నది ప్రశ్న. "ఆయ్, రాకేం చేస్తామండీ, ముందు మీరు లోపలికి రండి" అన్నది జవాబు. ఆ తరవాత కొబ్బరిబొండాలు. కొత్తపేటలో ఒకరింట్లో అరిటాకేసి భోజనం కూడా పెట్టేరు. అంత ఎండనపడి వచ్చిన మనిషికి పప్పులో నెయ్యి వడ్డిస్తూ మీ కొట్టుకి మేం రామండీ అని ఎవరంటారు చెప్పండి.

చీజ్ ఇష్టమేనా అని ఇంకో ప్రశ్న. పుట్టి బుద్ధెరిగి చీజ్ మొహం చూడని నాలుగు వందల మంది అదంటే ప్రాణమని చెప్పేరు, లేదంటే ఆ అడిగిన పిల్ల చిన్నబుచ్చుకుంటుందని. మొత్తం ఆరువందల పన్నెండు మందిని అడిగితే ఆరువందల పన్నెండు మందీ వస్తామన్నారు. ప్రపంచంలో ఏ సర్వేలోనూ ఇలా రాలేదని శివశంకర్ గారు ఆ కాగితాల్ని గుండెకి హత్తుకుని కారెక్కేరు.

మీరూ ఈ గడ్డమీద పుట్టినవారే కనక మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. మనవాళ్ళు మొహం మీద కాదని చెప్పరు. ఆ సంగతి దొరగారికి ఎలా చెప్తారో మీ ఇష్టమండీ.

విధేయుడు,
కొండబాబు

* * *

మస్కట్,
18 ఏప్రిల్ 1999.

కొండబాబూ,

ఆరువందల పన్నెండుకి ఆరువందల పన్నెండు! నీ ఉత్తరం కంటే ముందే ఆ అంకె ఇక్కడికి చేరింది. దొరగారు దాన్ని పెద్దక్షరాలతో రాయించి ఆఫీసు గోడకి తగిలించేరు. మనవాళ్ళు కాదని చెప్పరు అన్నావు చూడు, ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన మురిసిపోయేరు. అలాంటి జనం ఎక్కడ దొరుకుతారన్నారు. చీజ్‌కి అంత గిరాకీ ఉందని మామూలు దానికి రెండింతల ఫ్రిజ్జు పంపిస్తున్నారు.

ఇప్పుడు చెప్పేవి గుర్తుపెట్టుకో. మామగారి కాటా తీసెయ్యాలి. కొట్టు ముందు బల్ల తీసెయ్యాలి, కొనేవాడు కూర్చుంటే కొనడు. కొసరు లేదు. చీటీ ఎవరైనా ఇస్తే అందుకోకూడదు. పనివాళ్ళు వచ్చినవాళ్ళని బాబాయిగారు, పిన్నిగారు అని పిలవకూడదు, "గుడ్ మార్నింగ్, వెల్‌కమ్ టు వెల్‌బ్రిడ్జ్" అనాలి. సాయంత్రమైతే ఈవినింగ్ అనాలి.

మీ అమ్మగారు కొట్లోకొచ్చి కూర్చునే అలవాటు మానిపించు.

వీరవెంకటరమణ

* * *

అమలాపురం,
10 నవంబరు 1999.

బావగారికి నమస్కారాలు.

విజయదశమికి కొట్టు తెరిచేమండీ. ఆ జనాన్ని మీరు చూసి ఉండాల్సింది. పదకొండింటికి మొదలై నాలుగు దాకా ఇసకేస్తే రాలదు. ఊళ్ళో కరెంటు పోయినా మనకి జనరేటరు ఉంది కదండీ, మన ఏసీ ఆగదు. కరెంటు పోయిన రోజున జనం రెట్టింపు. బ్యాంకు పనిమీద వచ్చినవాళ్ళూ, కోర్టు వాయిదాలకొచ్చినవాళ్ళూ, కాలేజీ పిల్లలూ అందరూ మన దగ్గరే. ఎండ తగ్గేక "వస్తామండీ, చాలా బావుంది" అని చెప్పి మరీ వెళ్తారు. ఎదురుగుండా ధనియాలూ చింతపండూ అమ్మే గంగరాజు కొట్టుకి వెళ్ళి సరుకులు కొనుక్కుంటారు. గంగరాజు మొన్న నాకు స్వీటు పెట్టేడండీ, మీ ధర్మమా అని నా వ్యాపారం పుంజుకుందని.

చెప్పులు బయట విడిచి వస్తున్నారు. వద్దన్నా వినరు. అద్దంలాంటి నేలమీద చెప్పులతో ఎలా నడుస్తామండీ అంటారు. ఒకరోజు నూట నలభై జతలు లెక్కపెట్టేను. అందులో మూడు జతలు కుక్కలు ఎత్తుకుపోయేయి.

ఇక అరల్లోంచి తీసుకోవడం. సొంతంగా తీసుకోమంటే ఎవరికీ చేతులు రావు. చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. నేను అందుకోకూడదు, వాళ్ళు అరల దగ్గరికి రారు. ఇద్దరం మొహాలు చూసుకుంటూ "ఎండలెలా ఉన్నాయండీ" అని మాట్లాడుకుంటాం. రిటైరైన హైస్కూలు హెడ్మాస్టరు అబ్రహాము గారు ఒక్కరే ధైర్యం చేసి సబ్బు తీసేరు. తీసి, రెండు చేతులూ పైకెత్తి "బాబూ కొండబాబూ, ఒక్కటే తీసేను, చూసుకో" అని కేకేసేరు. అడగకుండా ఒకరి సరుకు ముట్టుకోవడం ఆయన డెబ్భై ఏళ్ళలో చెయ్యలేదుట.

చీజ్ సంగతి మీరు అడుగుతారు. చూడ్డానికి చాలామంది వచ్చేరు.

మొత్తానికి జనానికి లోటు లేదు. ఎవర్నడిగినా కొట్టు దివ్యంగా ఉందనే చెప్తున్నారు.

కొండబాబు

* * *

మస్కట్,
5 డిసెంబరు 1999.

కొండబాబూ,

నీ ఉత్తరంలో ముఖ్యమైన వాక్యాలు నేనే ఇంగ్లీషులోకి మార్చి దొరగారికి వినిపించేను. ఇసకేస్తే రాలని జనం, ఊరంతా దివ్యంగా ఉందనే మాట. చెప్పులు విడిచి వస్తున్నారంటే ఆయన ఆ వాక్యం మళ్ళీ చదివించుకున్నారు. కంపెనీ పుట్టి డెబ్భై ఏళ్ళయింది, ఇంత గౌరవం ఏ దేశంలోనూ చూడలేదన్నారు. గంగరాజు కొట్టు గురించి చదవలేదు. చిల్లర విషయాలెందుకు?

నేను మార్చిలో రాజీనామా ఇవ్వాలనుకుంటున్నాను. ఏదైనా ఇబ్బంది ఉంటే ఒక్క మాట రాయి. ఇవ్వడం ఆపేస్తాను. నాకు నీ మాట చాలు, ఇంకెవర్నీ అడగను.

వీరవెంకటరమణ

* * *

అమలాపురం,
2 ఫిబ్రవరి 2000.

బావగారికి నమస్కారాలు.

మీరు వచ్చి ఇక్కడ ఉండిపోతానంటే అంతకంటే ఏం కావాలండీ. అమ్మ అప్పుడే మీకిష్టమని పనసపొట్టు కూర మాట్లాడుతోంది. కాకపోతే మార్చి నించి మన ఎండలు మీకు తెలియనివి కావు. వానలు పడేక నెమ్మదిగా వస్తే ప్రయాణం సుఖంగా ఉంటుందేమో చూడండి. అక్కడి ఉద్యోగం కూడా ఎక్కడికీ పారిపోదు కదా. ఇది కేవలం నా ఆలోచనండీ, మీకు తోచినట్టు చెయ్యండి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. శివశంకర్ గారు రెండు నెల్లుగా రాలేదు, పాపం ఏం పనులున్నాయో. చీజ్ ఫ్రిజ్జు ఖాళీగా ఉంచడమెందుకని అమ్మ అందులో పెరుగు తోడేస్తోంది. గడ్డపెరుగు అద్భుతంగా కుదురుతోంది, ఆ విషయంలో వెల్‌బ్రిడ్జ్ వారిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మండపేట నుంచి ధర్మరాజు గారని బియ్యం మిల్లుల ఆసామీ వారానికి రెండుసార్లు వస్తున్నారు. గోడలు తట్టి చూస్తారు, ఏసీ ఎన్ని టన్నులని అడుగుతారు, అరల పొడుగు జానలతో కొలుచుకుంటారు. ఏమీ కొనరు కానీ మంచి మనిషండీ.

మాధవక్క ఈ ఉత్తరం నా భుజం మీంచి చదివి "నిజం రాయవేంరా" అని కసిరింది. ఇంటల్లుడికి రాసే ఉత్తరంలో ఇంతకంటే నిజం ఎలా రాస్తారో నాకు తెలీదు. నువ్వే ఫోనులో చెప్పవే అంటే, "నన్ను మాట్లాడనిస్తే కదా" అని వెళ్ళిపోయింది.

కొండబాబు

* * *

మస్కట్,
1 మార్చి 2000.

కొండబాబూ,

ఎండలకి భయపడేవాడు పదకొండేళ్ళు మస్కట్‌లో ఉంటాడుటోయ్? నీ ప్రేమకి సంతోషం. మండపేట మిల్లు ఓనర్లు కూడా వారానికి రెండుసార్లు మన కొట్టుకి వస్తున్నారన్న మాట చదివేక నేనింక ఆగలేకపోయేను. నిన్న రాజీనామా ఇచ్చేసేను. వీసా కాన్సిల్‌కి పంపించేరు. తోటివాళ్ళు చిన్న పార్టీ ఇచ్చి మెళ్ళో దండ వేసేరు. మా ఊరి కొట్టుకి మేనేజరుగా వెళ్తున్నానని అందరి ముందూ చెప్పేను.

మే నెలలో వస్తాను. ఆ ఫ్రిజ్జులో పెరుగు వెంటనే తీయించు.

వీరవెంకటరమణ

* * *

అమలాపురం,
9 ఏప్రిల్ 2000.

బావగారూ,

ఈ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు మొదలెట్టి చింపేసేను. ఇంక తిన్నగా రాసేస్తాను.

వెల్‌బ్రిడ్జ్ లేదండీ. మార్చి ఇరవైన నాలుగు లైన్ల ఫ్యాక్సు వచ్చింది, అమ్మకాలు లేవు కనక ఈ ఊరి నుంచి తప్పుకుంటున్నామని. ఆ మర్నాడు ఇద్దరు మనుషులొచ్చి బోర్డు దింపి లారీలో వేసుకుపోయేరు. వారం తిరక్కుండా ధర్మరాజు గారు కొట్టు తీసుకున్నారు. జిల్లాలో ఆయనకి వైనతేయ బజార్ అని ఇప్పటికే అయిదున్నాయి, ఇది ఆరోది.

ఆయన ఏం చేసేరో రాస్తాను, వింటే మీ కడుపు మండుతుంది. అవే అరలు, అదే ఏసీ, అదే అద్దాల నేల. గుమ్మంలో రెండు బల్లలు వేయించేరు. చీటీ ఇచ్చి కూర్చుంటే పనివాళ్ళు సరుకు తెచ్చిపెడతారు. లోపలికెళ్ళి తీసుకోగలిగినవాళ్ళు తీసుకోవచ్చు, మొహమాటపడేవాళ్ళు కూర్చోవచ్చు. వచ్చినవాళ్ళని బాబాయిగారు, పిన్నిగారు అని వరస పెట్టి పిలవాలని ఆర్డరు. వెళ్ళేటప్పుడు కొసరుగా కరివేపాకు. అంటే నాన్నగారి కొట్టుకి ఏసీ పెట్టేరన్నమాట. మనం నాన్నగారి కొట్టు పీకేసి అయిదు నెలలు జనానికి చలివేంద్రం నడిపేం. ఇప్పుడు జనం కొంటున్నారు, గంగరాజు నాతో మాట్లాడ్డం మానేసేడు. ఇక ధర్మరాజు గారి నిలువెత్తు ఫోటో దణ్ణం పెడుతున్నట్టు నాలుగు గోడలకీ కట్టించేరు. పప్పులకెళ్ళినా సబ్బులకెళ్ళినా ఆయన దణ్ణం తప్పించుకోలేం. నన్ను చీటీలు అందుకోడానికి కూర్చోబెట్టేరు.

మేనేజరు పని గురించి ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదండీ. మీకు ముందే రాయడానికీ చెయ్యి రాలేదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది. పూర్తి సామెత బావగారికి రాయకూడదు. తప్పు నాదే.

కొండబాబు

* * *

మస్కట్,
3 మే 2000.

కొండబాబు గారికి,

ఏడాది పైన ఉత్తరాలు రాసేరు. వాటన్నిటినీ మంచం మీద పరుచుకుని మళ్ళీ చదివేను. బావుంది, దివ్యంగా ఉంది, జనానికి లోటు లేదు. ఎక్కడా ఒక్క "వద్దు" లేదు. ఒక్క మాట రాయమని అడిగేను. మీరు నాకు ఎండల గురించి రాసేరు.

దండ వేయించుకున్న చోటికి మళ్ళీ వెళ్ళలేను. ఏ మొహంతో అమలాపురం రాను? మీ ధర్మరాజు గారి ఫోటోకి ఎదురు దణ్ణం పెట్టడానికా? ఈ దేశంలోనే సోహార్ అనే ఊళ్ళో ఖర్జూరాలు ప్యాకింగు చేసేచోట పని దొరికింది. కొత్త వీసా వాళ్ళే ఇప్పిస్తారు. రెండేళ్ళ ఒప్పందం. మీ అక్కకి ఈ సంగతి మీరే చెప్పండి. మర్యాదగా చెప్పడం మీకు బాగా వచ్చు కదా.

వీరవెంకటరమణ

* * *

అమలాపురం,
1 జూన్ 2000.

బావగారూ,

గారు పెట్టి తిట్టేరు. పడతాను.

అక్కకి చెప్పేను. మర్యాదగా కాదు, ఉన్నదున్నట్టు చెప్పేను. ఆవిడ ఏమందో రాసేముందు మీకు తెలియని సంగతి ఒకటుంది. శుక్రవారం మీ ఫోనుకి ఆవిడ నాలుగు వారాలుగా ఎందుకు రావట్లేదని అమ్మని అడిగేరుట. అలిగి కాదు. డ్యూటీలో ఉంటోంది.

ధర్మరాజు గారికి రోజూ సాయంత్రం గుమ్మంలో నించుని "కొట్టు ఎలా ఉందండీ" అని అడగడం అలవాటు. "ఆయ్, మహా బాగుందండీ" అని అందరూ చెప్పి వెళ్తారు. ఆయన తృప్తిగా తలాడిస్తారు. ఏప్రిల్ ఆఖర్లో అక్క సరుకులకొచ్చింది. ఆవిణ్ణీ అడిగేరు. "బాలేదండీ" అంది. నా చేతిలో చీటీ కింద పడిపోయింది. "కందిపప్పు పై అరలో పెట్టేరు, మా అమ్మలాంటివాళ్ళకి అందదు. పసిపిల్లల పాలడబ్బాల పక్కన ఫినాయిలేమిటండీ? బిస్కట్లు గుమ్మం దగ్గర పెట్టేరు, అవి లోపల చివర ఉంటే మనిషి కొట్టంతా నడుస్తాడు. మీ ఫోటోలు మూడు తీసేస్తే అగరొత్తులకి చోటొస్తుంది." ఇదంతా ఆవిడ నిలబడ్డచోటే, సంచీ కూడా దించకుండా చెప్పింది.

ధర్మరాజు గారు ఎర్రబడి, తెల్లబడి, ఆఖరికి, "ఆరు కొట్లు పెట్టేనమ్మా, బాలేదన్న మొదటి మనిషివి నువ్వే. ఎక్కడ నేర్చుకున్నావు" అన్నారు. అక్క ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పదకొండేళ్ళు శుక్రవారం శుక్రవారం మా ఆయన నాకు ఫోనులో చెప్పింది ఇదేనండీ. ఎలా ఉన్నావని రెండు మాటలు, ఏ సరుకు ఏ అరలో పెట్టాలో మిగతా కార్డంతా."

మర్నాటి నించి అక్క మేనేజరు. ఫోటోలు మూడు దింపించేసింది. నేను పావుగంట ఆలస్యంగా వస్తే నన్ను కూడా వదలట్లేదు. తనకింత పౌరుషం ఎక్కడినించి వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యంగా ఉందిట.

ఇక మీ సోహార్ సంగతి. మొత్తం వింది. తరవాత అంది, "మేనేజరై రమ్మని నేనెప్పుడడిగేను? నాకు మనిషి కావాలని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను. అనుకున్నది పైకి అనలేదు, అది నా తప్పు. ఇప్పుడు అంటున్నానని రాయి. దివ్యకి పన్నెండేళ్ళు. నేను ఉద్యోగం చేస్తున్నాను, ఆయన ఏ మొహంతో వచ్చినా ఇంట్లో అన్నం ఉంటుంది. అంతా విన్నాక కూడా రెండేళ్ళు ఆగమంటే నేను ఆగను. ఆ మాట కూడా రాయి." రాయనా వద్దా అని నేను తటపటాయిస్తుంటే పెన్ను తీసి చేతిలో పెట్టింది. ఏడుస్తోందండీ, ఏడుస్తూనే పెట్టింది.

రాసేసేను. ఇందులో ఒక్క అక్షరం కూడా మర్యాద కోసం మార్చలేదు.

కొండబాబు

* * *

మస్కట్,
27 జూన్ 2000.

కొండబాబూ,

సోహార్ వాళ్ళకి రానని చెప్పేసేను. టిక్కెట్టు తీసుకున్నాను. జులై పద్నాలుగున మధ్యాహ్నానికి రావులపాలెంలో బస్సు దిగుతాను. కారు తేవద్దు, దండలు తేవద్దు, మీ అమ్మగారిని పనసపొట్టు కోసం ఊరంతా తిరగనివ్వద్దు. ఎక్కడి మేనేజర్నీ కాను, రెండు పెట్టెలతో వస్తున్నాను.

శుక్రవారం ఫోనుల గురించి మీ అక్క అన్న మాట మొదట చదివినప్పుడు కోపమొచ్చింది. ఆవిడ గొంతు గుర్తుచేసుకుందామని చూసేను. ఎంతసేపటికీ నా గొంతే వినిపించింది.

కొట్టు ఎనిమిదింటికి మూస్తారు కదా. అప్పటిదాకా నేను లోపలికి రాను, నేనొచ్చేనని ఆవిడకి చెప్పకు. పని మధ్యలో పిలవద్దు. మూసేక బయటికొచ్చినప్పుడు నేనే అడుగుతాను, ఇంటికి రావచ్చా అని. ఇంకెవర్నడిగినా రండి రండి అంటారని తెలుసు. మీ అక్క కాదని కూడా అనగలదు. ఆవిణ్ణి అడగాలంటేనే భయంగా ఉంది.

మీ బావ